రెండు మిల్లీమీటర్ల కడుపుమంట

సోమవారం ఉదయం ఏడు గంటలకే పెద్దల్లుడు ఆ రోజు జరగాల్సినవన్నీ ఒక కాగితం మీద వరుసగా రాసుకున్నాడు. తొమ్మిదింటికి ఆఫీసు. తొమ్మిదిన్నరకు మీటింగు గది తాళం సంపాదించడం. పదకొండింటికి చీఫ్ ఇంజనీరు ముందు మ్యాపు చూపించడం. పదకొండున్నరకు తోడల్లుడి మొహం చూడటం. ఆఖరి దాని కింద రెండు గీతలు గీశాడు.

పెద్దల్లుడన్నది అతని పేరు కాదు, హోదా. అత్తగారికి ఇద్దరు కూతుళ్లు, ఇద్దరల్లుళ్లు. ఆ ఇద్దరూ ఒకే నీటి సరఫరా ఆఫీసులో, ఒకే మ్యాపుల విభాగంలో, ఎదురెదురు బల్లల దగ్గర పనిచేస్తుండటం వల్ల అత్తగారు పిలిచే పిలుపులే ఆఫీసులోనూ స్థిరపడిపోయాయి. ఊరి అడుగున ఏ పైపు ఎటు వెళ్తోందో, ఏ మలుపులో ఏ వాల్వు ఉందో మ్యాపు మీద చూపించడం ఆ విభాగం పని. దాని హెడ్ ఈమధ్యే రిటైరయ్యాడు. ఖాళీ అయిన కుర్చీకి అల్లుళ్లిద్దరే మిగిలారు. తూర్పుపేటలో నీళ్లు ఎక్కడ కారిపోతున్నాయో, ఏ పైపులు మార్చాలో ఎవరు బాగా చెబితే కుర్చీ వాళ్లదేనని చీఫ్ ఇంజనీరు తేల్చేశాడు.

పెద్దల్లుడిది ఇరవై రెండేళ్ల అనుభవం, చిన్నల్లుడిది పదకొండేళ్లు. లెక్క ప్రకారం బెంగపడాల్సిన పని లేదు. కానీ పది రోజుల కిందట చిన్నల్లుడు ఒక సన్నటి ల్యాప్‌టాప్ కొన్నాడు.

కొని ఊరుకోలేదు. దాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని, శుభలేఖ ఇవ్వడానికి వచ్చినవాడిలా ఆఫీసులోకి నడిచొచ్చాడు. అటెండరమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని, "అయ్యో, ఇందులో అన్నీ ఉన్నాయా బాబూ, ఇంకేమైనా తర్వాత వస్తాయా?" అని అడిగింది. ఎవరి బల్ల దగ్గరికీ లేచి వెళ్లని సూపరింటెండెంటు కూడా లేచి వచ్చి చూశాడు. ఎదుటి బల్ల మీద పెద్దల్లుడి ల్యాప్‌టాప్ మిక్సీలా రొద పెడుతూ పనిచేసుకుపోతోంది. దాని వంక ఎవరూ చూడలేదు.

ఆఫీసు కంప్యూటర్లు ఊరి మ్యాపును మోయలేవు కనుక అక్కడ ఎవరి ల్యాప్‌టాప్ వాళ్లు తెచ్చుకోవడం అలవాటు. పెద్దల్లుడిది మూడు కిలోల పైచిలుకు ఉంటుంది. దాన్ని ఎనిమిదేళ్లుగా మోయడం వల్ల అతని కుడి భుజం ఎడమ భుజం కన్నా కొంచెం కిందికి ఉంటుందని భార్య అంటుంది. కానీ ఏ తీగ తెచ్చినా దూర్చడానికి దానికో కన్నం ఉండేది, ఎంత పెద్ద మ్యాపు వేసినా గొణుక్కుంటూనే తెరిచేది. పది రోజుల కిందటి వరకు దాని మీద అతనికి ఏ ఫిర్యాదూ లేదు.

అదే సాయంత్రం భార్య ఫోను పెట్టేసి, "మరిదిగారి కొత్త ల్యాప్‌టాప్ చెల్లి హ్యాండ్‌బ్యాగులో పట్టేస్తోందట" అని చెప్పింది. ఆవిడ మామూలుగానే చెప్పింది. ఆ క్షణం నుంచి పెద్దల్లుడికి తిన్నది ఒంటబట్టలేదు. రాబోయే మీటింగులో తోడల్లుడు ఆ రేకు ముక్కను బల్ల మీద పెడతాడు, ఆ పక్కనే తను ఇనప్పెట్టె దించుతాడు, చీఫ్ ఇంజనీరు రెండింటినీ మార్చి మార్చి చూస్తాడు. ఈ దృశ్యం కళ్ల ముందు ఆడినప్పుడల్లా అతనికి కడుపులో భగ్గుమనేది.

శనివారం భార్యను వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్లాడు. అమ్మకాల కుర్రకారులో కాస్త నెమ్మదిగా ఉన్న ఒకాయన వచ్చి, "మీ పనేమిటి సార్?" అని అడిగాడు.

"మ్యాపులు. పెద్ద పెద్ద మ్యాపులు."

"అయితే సన్నటివి మీకొద్దు సార్. వీటిలో ఫ్యాన్ ఉండదు, పెద్ద పని పెడితే వేడెక్కి నెమ్మదిస్తాయి. మెమరీ లోపలే అతికించేసి ఉంటుంది, తర్వాత పెంచుకోవడం కుదరదు. తీగలకి కన్నాలు రెండే. ఛార్జింగు కూడా వాటిలోనే. ఇదిగో, ఇది చూడండి. కొంచెం లావు, రెండు కిలోలు. కానీ మీ పనికి దిట్టం."

"మోసుకు తిరిగేవాళ్లకి ఆ సన్నటిది మంచిదే కదండీ?" అని భార్య అడిగింది.

"చాలా మంచిదమ్మా. ఉత్తరాలు, లెక్చర్లు, చిన్నా చితకా పనులు చేసుకునేవాళ్లకి భుజాలు మిగులుతాయి. రోజంతా బ్యాటరీ వస్తుంది. అన్నీ పనిని బట్టే."

"విన్నారుగా, పనిని బట్టే" అంది భార్య. "మీరేమో ఇంటి నుంచి ఆఫీసుకి, ఆఫీసు నుంచి ఇంటికి కార్లో వెళ్తారు. మోసేది మెట్ల దగ్గరే. ఆ రెండు కిలోలదే తీసుకుందామా?"

పెద్దల్లుడు ఈ మాటలేవీ చెవిన వేసుకోలేదు. ఫోనులో తోడల్లుడి ల్యాప్‌టాప్ బొమ్మ తీసి చూపించి, "ఇది ఎంత మందం?" అని అడిగాడు.

"పదకొండు మిల్లీమీటర్లు సార్."

"అంతకన్నా సన్నటిది ఉందా?"

దుకాణం ఆయన భార్య వైపు చూశాడు. భార్య పైకప్పు వైపు చూసింది. తొమ్మిది మిల్లీమీటర్లది ఒకటుంది. పెద్దల్లుడు దాన్ని కొని, పాత ఇనప్పెట్టెను మార్పిడి కింద అక్కడే దించేసి, తేలికపడ్డ భుజంతో బయటికి వచ్చాడు. ఆదివారం దాంట్లో తూర్పుపేట మ్యాపు తెరిస్తే మూడోసారికి తెరుచుకుంది. అప్పటికి కీబోర్డు మీద వేళ్లు ఆనించలేనంత వేడెక్కింది. "కొత్త కదా, బెరుకు" అని భార్యకు నచ్చజెప్పాడు.

సోమవారం పొద్దున ఛార్జరు, ప్రొజెక్టరుకు తగిలించే అడాప్టరు, దానికి తగిలించే ఇంకో అడాప్టరు, మౌసు, పెన్‌డ్రైవు, వేడి తగలకుండా అడుగున పెట్టే స్టాండు అన్నీ సంచిలో సర్దుకున్నాడు. భార్య సంచిని ఒకసారి ఎత్తి చూసింది.

"ఏమండీ, పాతదే తేలిగ్గా ఉండేదేమో!"

"అవన్నీ వేరు, ల్యాప్‌టాప్ వేరు. చూసేవాళ్లకి కనపడేది ల్యాప్‌టాపే."

అతని పథకం అంతా ఆ చూడటం మీదే నడుస్తోంది. 'తూర్పుపేట పైపులు' అని రాసి ఉన్న పాత అట్ట ఫైలొకటి తీసి, అందులో ల్యాప్‌టాప్ పెట్టి నాడా కట్టాడు. చీఫ్ ఇంజనీరు ముందు నాడా విప్పి, కాగితం తీసినట్టు దాన్ని బయటికి తీస్తాడు. గది గదంతా ఆహా అంటుంది. తోడల్లుడి చేతిలోది అప్పుడు ఇటుకరాయిలా కనపడుతుంది. పైగా అప్పటిదాకా దాచిపెట్టడానికి ఫైలును మించిన చోటు లేదు. ఆ ఆఫీసులో ఎవరూ విప్పి చూడనిది అదొక్కటే.

తొమ్మిదింబావుకి సంచిలోని తీగలన్నీ బల్ల ఎడమవైపు పరిచి, ఫైలును కుడి మూల పెట్టి, మీటింగు గది తాళం కోసం వెళ్లాడు. తాళం ఎవరి దగ్గరుందో కనుక్కునేసరికి పదీ పది అయింది. తిరిగొచ్చేసరికి తీగలన్నీ ఉన్నాయి. ఫైలు లేదు.

అతని పై ప్రాణాలు పైనే పోయాయి. బల్ల కింద చూశాడు, సొరుగుల్లో చూశాడు, సంచి బోర్లించాడు. తల ఎత్తేసరికి ఎదుటి బల్ల మీద సన్నగా, తెల్లగా మెరుస్తూ ఒక ల్యాప్‌టాప్ కనిపించింది. చిన్నల్లుడు సీట్లో లేడు. ఇంకేం, పెద్దల్లుడికి అంతా అర్థమైపోయింది. తన పథకం ఎలాగో పసిగట్టి, తనదానికన్నా సన్నటిది అన్నకు ఉండటం ఓర్వలేక, తోడల్లుడు ఎత్తుకుపోయాడు! కుళ్లు మనిషి చేత ఎంత పనైనా చేయిస్తుందని అతను మనసారా నమ్మాడు.

వెంటనే భార్యకు ఫోను చేశాడు.

"నా ల్యాప్‌టాప్ మీ మరిది తీసేశాడు."

"తీసేశారా? ఆయనకి ఉంది కదండీ?"

"నాది రెండు మిల్లీమీటర్లు సన్నం కదా! దొంగతనానికి ఇంకేం కారణం కావాలి?"

"ఉండండి, నేను చెల్లిని అడుగుతాను" అని ఆవిడ పెట్టేసింది. అడగొద్దని చెప్పడానికి అతనికి వ్యవధి దొరకలేదు.

అనుమానం తీర్చుకోవడానికి ఒకటే మార్గం. పెద్దల్లుడు సొరుగులోంచి స్టీలు స్కేలు తీసి, ఎదుటి బల్ల మీదికి వంగి, ఒక కన్ను మూసి, ఆ ల్యాప్‌టాప్ మందం కొలవడం మొదలుపెట్టాడు. తొమ్మిదా, పదకొండా అని తేల్చుకునేలోపు వెనక నుంచి గొంతు వినపడింది.

"అన్నయ్యా, ఏం చేస్తున్నారు?"

"కొలుస్తున్నాను."

"అది తెలుస్తోంది. ఎందుకు?"

జవాబు చెప్పాల్సిన అవసరం రాకుండా చిన్నల్లుడి ఫోను మోగింది. అవతల మరదలు. ఆవిడ గొంతు ఎలాంటిదంటే ఫోను చెవికి ఆనించుకోకపోయినా విభాగమంతా వినొచ్చు.

"ఏమండీ! మీరు బావగారి ల్యాప్‌టాప్ దొంగిలించారట! అక్క నన్ను నిలదీస్తోంది! ఆదివారం మనింటికి భోజనానికి రామని కూడా అనేసింది! తీస్తే తీశానని చెప్పండి, లేకపోతే లేదని చెప్పండి!"

చిన్నల్లుడు ఫోను కిందికి దించి, స్కేలు వంక, దాన్ని పట్టుకున్న మనిషి వంక చూశాడు. "నేనా? దొంగతనమా? అన్నయ్యా, నా దానితోనే నేను చస్తున్నాను. దీనికి తోడు ఇంకోటా నాకు?"

పదకొండు మిల్లీమీటర్లే. స్కేలు అబద్ధమాడదు. పెద్దల్లుడు నీళ్లు నములుతూ, "ఫైల్లో పెట్టాను తమ్ముడూ. కుడి మూల పెట్టాను. కనపడటం లేదు" అన్నాడు.

"కుడి మూలా?" చిన్నల్లుడు తల పట్టుకున్నాడు.

ఆ ఆఫీసులో రాయని చట్టం ఒకటుంది. బల్ల ఎడమ మూల ఉన్నది ఇంకా చూడాల్సినది. కుడి మూల ఉన్నది చూసేసినది. కుడి మూల ఏముంటే దాన్ని సరిగ్గా పదింటికి అటెండరమ్మ ఎత్తుకెళ్లి పై బల్లకు చేరుస్తుంది. ఇరవై రెండేళ్లుగా పెద్దల్లుడు తన ఫైళ్లను అలాగే పంపుతున్నాడు. ఈ రోజు మాత్రం అతని బుర్రలో తోడల్లుడి మొహం తప్ప వేరేదానికి చోటు లేదు.

ఇద్దరూ అటెండరమ్మను వెతికి పట్టుకున్నారు. "తీసుకెళ్లాను బాబూ. హెడ్‌గారు లేరు కదా, సూపరింటెండెంటుగారికి ఇచ్చాను. అందరూ తలా తోకా లేకుండా ఆలస్యంగా పెడతారు, ఇవాళ మీరే టైముకి పెట్టారు" అని ఆవిడ మెచ్చుకుంది.

సూపరింటెండెంటు కళ్లజోడు సవరించుకున్నాడు. "ఆ తూర్పుపేట ఫైలా? చూశాను. సంతకం చేసి పంపేశాను."

"విప్పి చూశారా సార్?"

"విప్పడం దేనికయ్యా? ఇన్నేళ్ల సర్వీసు, చేత్తో పట్టుకుంటే చెప్పగలను. చాలా పల్చగా ఉంది. చీఫ్‌గారికి పంపే ఫైలు అంత పల్చగా ఉంటే మన విభాగానికే చిన్నతనం. పూర్వాపరాలన్నీ జతచేసి పంపమని రికార్డు గదికి రాశాను."

పెద్దల్లుడు నుదురు కొట్టుకున్నాడు. తొమ్మిది మిల్లీమీటర్ల కోసం తను పడ్డ తపనంతా ఇతని కంట్లో లోటుగా కనపడిందా! రికార్డు గదికి పరిగెత్తారు. అక్కడి గుమస్తా చేతులు దులుపుకుంటూ ఎదురొచ్చాడు. "జతచేశానండీ. పదిహేనేళ్ల కాగితాలు. నాలుగు కిలోలు తేలింది. నాడా చాలక తాడేసి బిగించి కట్టాను. ఇప్పుడే చీఫ్‌గారి బల్ల మీదికి పోయింది." బిగించి అన్న మాటను అతను రెండుసార్లు అన్నాడు.

పదకొండు గంటలు కొట్టింది.

మీటింగు గదిలో చీఫ్ ఇంజనీరు ముందే వచ్చి కూర్చున్నాడు. ఆయన ఎదురుగా ఆ కట్ట ఉంది. ఆయన మోచేయి ఆ కట్ట మీద ఉంది. చీఫ్‌గారు మాట్లాడేటప్పుడు ప్రతి మాటకూ చేతికందినదాని మీద ఒక గుద్దు గుద్దుతాడు. "ఊ, మొదలుపెట్టండి" అని గుద్దాడు. పెద్దల్లుడు కుర్చీలో ముందుకు జరిగాడు. సార్, ఆ కట్ట అడుగున నా ల్యాప్‌టాప్ ఉందని చెప్పాలంటే, అది అక్కడికి ఎందుకు వెళ్లిందో చెప్పాలి. అది చెప్తే కుర్చీ మాట దేవుడెరుగు, ఉన్న స్టూలు కూడా ఉండదు.

ముందు చిన్నల్లుడి వంతు. అతను సన్నటి ల్యాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టి, అడాప్టరు తగిలించి, తూర్పుపేట మ్యాపు మీద నొక్కాడు. తెర మీద ఒక చక్రం వచ్చి తిరగడం మొదలుపెట్టింది. అందరూ చక్రాన్ని చూశారు. చిన్నల్లుడు "ఒక్క నిమిషం సార్" అన్నాడు. చక్రం తిరిగింది. "ఇంకొక్క నిమిషం సార్" అన్నాడు. చీఫ్‌గారు "ఏమిటయ్యా ఇది!" అని కట్టను గుద్దాడు. "తూర్పుపేటలో నీళ్లు పోతున్నాయి, ఇక్కడ చక్రం తిరుగుతోంది!" అని మళ్లీ గుద్దాడు. ఏడు నిమిషాలకు ల్యాప్‌టాప్ వేడెక్కి తనంతట తానే ఆరిపోయింది.

ఆ దృశ్యం చూస్తే పెద్దల్లుడికి పండగలా ఉండాలి. పది రోజులుగా ఎదురుచూసిన మొహం అదే. కానీ అతని కళ్లు ఆ మొహం మీద లేవు, కట్ట మీద ఉన్నాయి.

"మీరు?" అన్నాడు చీఫ్ ఇంజనీరు. "మీ చక్రం ఎక్కడ?"

"నాకు లేదు సార్" అంటూ పెద్దల్లుడు లేచాడు. ఎంత త్వరగా ముగిస్తే ఆ మోచేయి అంత త్వరగా లేస్తుంది. అతనికి ఆ ఒక్క ధ్యాసే ఉంది. బోర్డు మీద మార్కరుతో గబగబా తూర్పుపేట వీధులు గీశాడు. ఎత్తున ఉన్న ట్యాంకు నుంచి పల్లానికి దిగే పైపు గీశాడు. రొట్టెల దుకాణం మలుపులో వాల్వు సగం మూసుకుపోయిందన్నాడు, అక్కడ ఒత్తిడి ఎగదన్ని బడి వెనక రెండు అతుకులు ఊడిపోతున్నాయన్నాడు. పేటంతా తవ్వక్కర్లేదు, ఆ వాల్వూ, నూట అరవై మీటర్ల పైపూ మారిస్తే చాలన్నాడు. ఎవరైనా ఏమైనా అడగబోతే నోరు తెరవకముందే జవాబు చెప్పేశాడు. ఆరు నిమిషాల్లో మార్కరు మూత పెట్టేసి, "అంతే సార్, ఇంక మీరు లేవచ్చు" అన్నాడు.

చీఫ్ ఇంజనీరు బోర్డు వంక చూస్తూ, "నా సర్వీసులో ఇంత చిన్న ఉపన్యాసం వినలేదు" అన్నాడు. తర్వాత, "మరి ఈ కట్ట ఏమిటి?" అంటూ తాడు విప్పాడు. పదిహేనేళ్ల కాగితాలు పక్కకు తీశాడు. అట్ట ఫైలు నాడా లాగాడు. కాగితం తీసినట్టుగానే ల్యాప్‌టాప్ బయటికి వచ్చింది. కాకపోతే అది ఇప్పుడు పళ్లెంలా కొద్దిగా ఒంగి ఉంది, మూత మీద తాడు అచ్చు పడి ఉంది.

పెద్దల్లుడు కళ్లు మూసుకున్నాడు.

"ఇది మీదా?"

"నాదే సార్. కొత్తది."

"కొత్తది! ఇంత ఖరీదైన వస్తువు దగ్గరుండి కూడా కాగితాల అడుగున కట్టేసి, బోర్డు మీద చేత్తో గీసి చెప్పారా?" చీఫ్ ఇంజనీరు చుట్టూ ఉన్నవాళ్ల వైపు తిరిగాడు. "చూశారా! యంత్రానికి ఎక్కడ ఉండాలో అక్కడ చోటిచ్చాడు ఈయన. నాకు ఇలాంటి మనిషి కావాలి." ఈసారి గుద్దు నేరుగా ల్యాప్‌టాప్ మీదే పడింది. ఎక్కడో లోపల టప్పుమని ఏదో విరిగింది.

అలా పెద్దల్లుడు మ్యాపుల విభాగానికి హెడ్ అయ్యాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో అతను తోడల్లుడి మొహం వెతుక్కున్నాడు. మొహం మాడిపోయి ఉండాలి, నవ్వు పులుముకున్నట్టు ఉండాలి, కళ్లలో ఎక్కడో ఒక మూల సెగ కనపడాలి. చిన్నల్లుడు వచ్చి గట్టిగా కౌగిలించుకున్నాడు.

"బతికించారు అన్నయ్యా! ఆ కుర్చీ నాకెక్కడ వస్తుందోనని వారం నుంచి హడలిపోతున్నాను. ఊళ్లో ఏ పైపు పగిలినా ముందు హెడ్‌కే కదా ఫోను! వద్దంటే మా ఆవిడ ఊరుకోదు, అందుకని పోటీ పడ్డాను."

ఎంత వెతికినా ఆ మొహంలో కుళ్లు లేదు. పెద్దల్లుడికి చాలా నిరాశగా అనిపించింది.

సాయంత్రం ఐదింటికి కొత్త హెడ్ కొత్త గదిలో, కొత్త కుర్చీలో కూర్చున్నాడు. విభాగంలోని అన్ని బల్లల కుడి మూలల నుంచి కదిలినవి వచ్చి చేరే చోటు ఇదేనని ఆ మధ్యాహ్నమే తెలిసొచ్చింది. బల్ల మీద పదకొండు కట్టలున్నాయి. ఫిర్యాదుల ఫోను అప్పటికి పదిహేడుసార్లు మోగింది. అతని సొంత ఫోను కూడా మోగింది.

"చెల్లికి క్షమాపణలు చెప్పుకున్నానండీ, మీ తరఫున కూడా" అంది భార్య. "ఆదివారం భోజనం ఉంది. మరిదిగారికి పెందలాడే పని అయిపోయిందట, ఇద్దరూ సినిమాకి వెళ్తున్నారు. మిమ్మల్ని కూడా రమ్మన్నారు. ఎన్నింటికి వస్తారు?"

అతను బల్ల వంక చూశాడు. కిటికీ లోంచి కింద వీధి కనపడుతోంది. చిన్నల్లుడు ఆఫీసు మెట్లు దిగి వెళ్తున్నాడు. చేతిలో సంచి లేదు, ఫైలు లేదు, ల్యాప్‌టాప్ కూడా లేదు. రెండు చేతులూ ఊపుకుంటూ, ఏదో పాట కూనిరాగం తీసుకుంటూ నడుస్తున్నాడు. మధ్యలో వెనక్కి తిరిగి, పైకి చూసి, అన్నగారికి రెండు చేతులూ ఎత్తి ఊపాడు. పెద్దల్లుడికి కడుపులో మళ్లీ భగ్గుమంది. ఈసారి మంట పది రోజుల కిందటి మంట కన్నా పెద్దదిగా ఉంది.

"ఏమండీ, వింటున్నారా? ఎన్నింటికి వస్తారు?"

హెడ్‌గారు లేచి, కిటికీ మూసుకున్నారు.